పసుపు తీగ

కింది ఫ్లాట్ ఐలా పెట్రీ మెట్లెక్కి వచ్చింది,
చేతిలో అట్టపెట్టె, పెట్టె మీద డండీ వాన.
"నీది తీగల పనే కదా" అంది.
ఆసుపత్రిలో ఈసీజీ తీస్తానని ఎప్పుడో చెప్పాను.
ఆమె లెక్కలో తీగ తీగే.

పెట్టెలో నల్లటి గేమ్ కన్సోల్.
ఎడమ బొటనవేలు ఆనేచోట
నున్నగా అరిగిపోయిన మీట.
అడుగున చుట్టలు చుట్టుకుని పడుకున్న వైరు,
దానికి మూడు తలలు.
"మా వైపు వీటిని పసుపూ కుంకుమా సున్నమూ అంటాం" అన్నాను.
నవ్వలేదు.
"మూడో ఆటలో జలపాతం ఉంటుంది. అది చూపించు చాలు.
రోరీ అక్కడికి రాగానే ఆట ఆపి
నన్ను కేకేసేవాడు."

నా టీవీ యాభై అయిదు అంగుళాలు.
దాని వెనక వెతగ్గా వెతగ్గా
పసుపు తలకి ఒక్క కన్నం దొరికింది.
బొమ్మ వచ్చింది,
పాలలో నానిపోయిన రొట్టెముక్కలా.
నాకే సిగ్గేసింది.
పొద్దస్తమానం గుండె గీతల మీది గరుకు తుడిచే మనిషిని,
నా ఇంట్లో ఈ మసకా?
"రెండు వారాలాగు" అన్నాను.

పాత తీగ చేసే నేరం ఏమిటంటే
ఎరుపునీ ఆకుపచ్చనీ నీలాన్నీ
ఒక్క ఇరుకు సందులోంచి తోసుకు రమ్మంటుంది.
తిరనాళ్లలో చెయ్యి జారిన పిల్లల్లా
ఒకరి చొక్కా రంగు ఒకరికి అంటించుకుని
ఎలాగో బయటపడతాయి అవి.
కొత్తదాంట్లో ఎవరి దారి వాళ్లది.
కర్కాల్డీలో ఎవరో చేత్తో టంకం వేసి అమ్ముతాడు,
ఇరవై ఒక్క పళ్ల స్కార్ట్ వైరు.
దాని మాట ఈ టీవీకి అర్థం కాదు కనక
మధ్యలో దుబాసీలా ఓ చిన్న పెట్టె.
మొత్తం అరవై మూడు పౌన్లు.

శనివారం ఐలా చిప్స్ పొట్లంతో వచ్చింది,
గది నిండా వెనిగర్ వాసన.
మీట నొక్కాను.
అబ్బ!
నీటికుక్క మీసాలు లెక్కపెట్టుకోవచ్చు,
అటు మూడు, ఇటు మూడు.
దాని తోక మీద ఒక్కో చుక్కా
పెట్టినచోట పెట్టినట్టు, ముగ్గు చుక్కలా.
గెంతించుకుంటూ, చచ్చి బతుకుతూ
మూడో ఆట చివరికి తీసుకుపోయాను.

నీళ్లు లేవక్కడ.
ఒక నీలం గీత, ఒక ఖాళీ,
ఒక నీలం గీత, ఒక ఖాళీ,
పైనుంచి కిందదాకా వెదురు తడిక.

ఐలా చెయ్యి నోటి దగ్గరే ఆగింది.
"ఇది కాదు" అంది.
"దీని వెనక గుహ లీలగా కనపడేది. నీళ్లలోంచి."

అప్పుడు తట్టింది నాకు.
నీళ్లలోంచి చూపించడం ఆ యంత్రానికి చేతకాదు.
ఎవరో, ఏ రాత్రి బల్ల ముందో,
గీత విడిచి గీత గీసి
మిగతాది ఈ చెడ్డ తీగకి వదిలేశాడు.
అది ఎలాగూ అలికేస్తుందని
నమ్మకం.

మా వార్డులో పెద్దావిడ గ్లెనిస్ అంటుంది,
"గీతని మరీ కడక్కు,
నాడి కూడా కొట్టుకుపోతుంది" అని.
ఆ మాట నా మంచికేనని తెలిసీ
ఆరేళ్లుగా విసుక్కుంటున్నాను.

దుబాసీ పెట్టె పీకేశాను.
మోకాళ్ల మీద టీవీ వెనక్కి పాకి
పసుపు తల కన్నంలో పెట్టాను.
వెనకనుంచి నాకు తెర కనపడదు.
చిప్స్ కాగితం చప్పుడు ఆగిపోవడం మాత్రం వినపడింది.

బయటికి వచ్చి చూద్దును కదా,
నీళ్లు పడుతున్నాయి.
నీటికుక్క ఒడ్డున నిలబడి ఉంది.
ఐలా కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని
ఆ నున్నటి అరుగుదలలో బొటనవేలు ఆనించింది,
నొక్కలేదు.
రోరీ ఇప్పుడెక్కడని నేనడగలేదు.
ఆమె చెప్పలేదు.
చిప్స్ చల్లారిపోయాయి, ఇద్దరం తిన్నాం.

కొత్త వైరు సొరుగులో ఉంది.
వాపసు పంపడానికి ఇంకా తొమ్మిది రోజుల గడువుంది.
పంపను కాబోలు.
ఆ మీసాలు
ఇంకోసారి లెక్కపెట్టాలని ఉంది నాకు.